పెద్దకొడుకుల మీద అర్జీ

నంద్యాల, ఆళ్లగడ్డ అవ్వాతాతలారా, మీ అదృష్టం చూస్తే నాకు కుళ్లుగా ఉంది. కన్నకొడుకు బెంగళూరులో కూర్చుని ఫోనెత్తకపోయినా, ఎలక్షన్లు రాగానే మీ గడపలో ఓ పెద్దకొడుకు ప్రత్యక్షమవుతాడు. కండువా రంగు మారుతుంది గానీ, 'అవ్వా, నేను నీ పెద్దకొడుకుని' అన్న మాట మారదు.

ఆ ఫోనెత్తని కొడుకుల కోసమే అన్నట్టు 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. పెద్దల్ని గాలికొదిలేసినవాడి మీద ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 దాకా ఇప్పిస్తారు. పూర్తిగా వదిలేసిపోతే మూడు నెలల దాకా జైలు పడొచ్చు. కన్న పాపానికి కొడుకైనవాడికే ఇంత శిక్ష ఉంటే, తనంతట తానే వచ్చి కొడుకునన్నవాడిని వదిలేద్దామా?

మొదటి ప్రతివాది ఢిల్లీ కొడుకు. పేదింటి ముసలివాళ్ల పింఛనులో తన వాటా 200 రూపాయలని ఆ చట్టం పుట్టిన రోజుల్లోనే తేల్చేశాడు. సర్కార్లు మారాయి, 200 నోటు కూడా కొత్తగా వచ్చింది, వాటా మాత్రం అదే. 80 నిండితే 500 ఇస్తాడు, బతికి చూపించినందుకు బహుమానం.

అమరావతి కొడుకులు నయం, ఆ మాట ఒప్పుకోవాలి. 2019 జనవరిలో ఒకాయన 2,000 చేశాడు. ఇంకొకాయన వచ్చి 2024 జనవరికి 3,000 దాకా పాట పెంచాడు. మొదటాయన ఆ జులైలో 4,000కు కొట్టాడు. ఈ వేలంపాట మధ్యలోనే, వాలంటీర్లు ఇంటింటికీ పింఛను పంచకూడదని ఎన్నికల సంఘం అంది. అవ్వ ఏప్రిల్లో సచివాలయం దగ్గర, మేలో బ్యాంకు దగ్గర పడిగాపులు కాసింది. ఆమెను ఎండలో నిలబెట్టింది నువ్వంటే నువ్వని అన్నదమ్ములు టీవీల్లో కొట్టుకున్నారు. టీవీ స్టూడియోల్లో ఏసీ ఉంటుంది.

ఒకటో తారీకు పొద్దున ఆళ్లగడ్డలో రాయి చెక్కే తాత ఇంటికి వెళ్లి చూడండి. 'తాతా, బొటనవేలు పెట్టు. పడలే. తుడ్సుకోని ఇంకోటి పెట్టు. గట్టిగ నొక్కు.' ఏ వేలూ పడదు. బతుకంతా ఉలి పట్టుకుని దేవుళ్ల చేతుల్లో గీతలు దిద్దినవాడికి తన వేళ్ల మీద గీత మిగల్లేదు. చివరికి ఫోను మొహం ముందు పెట్టి 'కండ్లు మూయగాకు' అంటే పనైంది. నోట్లు లెక్కపెట్టడం, ఫోటో, నమస్కారం. పెద్దకొడుకు డ్యూటీ దిగిపోయాడు. మిగిలిన నెలంతా తాత, ఆయన ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము.

దగ్గు ముదిరితే నంద్యాల పోవాలి, 40 కిలోమీటర్ల పైమాటే. 70 నిండినవాళ్లకు 5 లక్షల కార్డని ఢిల్లీ 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. అది ఆసుపత్రిలో చేరినవాడికి. తోడొచ్చే మనిషి పోగొట్టుకున్న కూలికి ఆ కార్డు గీకితే రాదు. అవ్వకైతే 2025 ఆగస్టు నుంచి బస్సు ఉచితం, ఎక్కించేవాళ్లు ఉండాలంతే. జిల్లా ఆసుపత్రిలో ముసలివాళ్లకు పది మంచాల వార్డు, పీహెచ్‌సీలో వారానికోసారి వాళ్లకే క్లినిక్ అని 2010 నాటి జాతీయ కార్యక్రమం రాసుకుంది. మీ పీహెచ్‌సీలో అది ఏ వారమో అడిగి చూడండి. అహోబిలం కొండెక్కి తొమ్మిది నరసింహస్వాముల్ని చూసి రావడం తేలిక కావచ్చు.

ఇక ముఖ్యమైన అభియోగం. ఇద్దరు చాలు, ఆపరేషన్ చేయించుకోండని వెంటపడిందీ ఈ పెద్దకొడుకే. ఇద్దరికి మించి కంటే సర్పంచి పదవికి పనికిరావని 1994లో చట్టమూ చేశాడు. మీరు బుద్ధిగా విన్నారు. రాష్ట్రంలో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలకు దిగాం. ఇప్పుడేమో ముసలివాళ్లు ఎక్కువైపోతున్నారు, ఇంకా కనండని ముఖ్యమంత్రి పిలుపు. 2024 నవంబరులో ఆ నిబంధన కూడా ఎత్తేశారు. శాసనసభలో తేలిగ్గా అయిపోయిన పని అది. తాత దగ్గుకు విరుగుడు ఇంకా పుట్టాలన్నమాట. ఇవాళ పుట్టినవాడు బడికెళ్లి, నీట్ రాసి, 2023లో తెరిచిన నంద్యాల మెడికల్ కాలేజీలో సీటు కొట్టి, ఊపిరితిత్తుల డాక్టరై స్టెతస్కోపు తగిలించుకునేసరికి 2050 దాటుతుంది.

ఇలాంటి అర్జీని నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. కానీ పెద్దకొడుకు చేతికి నోటీసు ఇవ్వాలంటే ఆయన ఆ గడప తొక్కాలి. అది 2029లో.