మీకు చేతకానిది ఏముంది, హెడ్మాస్టరు గారూ!

హెడ్మాస్టరు గారూ, టెన్త్ పిల్లల కోసం మీరు పడే శ్రమ చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సంక్రాంతి దాటిందంటే మీకు కంటి మీద కునుకుండదు. ఏ పిల్లవాడు లెక్కల్లో ఆగిపోతాడో, ఎవరికి సైన్సు అందడం లేదో పేరుపేరునా తెలుసు. వెనకబడిన పిల్లల్ని టీచర్లకు తలా నలుగురి చొప్పున దత్తత ఇచ్చారు. తెల్లవారకముందే ఫోన్ చేసి నిద్ర లేపుతారు. ఫోన్ ఎత్తకపోతే బండేసుకుని ఇంటికే వెళ్తారు. "సారు గుమ్మంలోకొచ్చి మరీ లేపాడమ్మా" అని ఆ తల్లి వీధంతా చెప్పుకుంటుంది. పిల్లవాడి ముఖం చూసి, రాత్రి అన్నం తిన్నాడో లేదో చెప్పగలరు మీరు. పైపై పొగడ్త కాదిది, ఊరంతా ఒప్పుకునే మాట.

అంత చూడగల కంటికి, ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఆరో తరగతి పిల్ల ఉన్నట్టుండి వెనక బెంచీకి ఎందుకు జరిగిందో కనబడకుండా ఎలా పోతుంది? ట్యూషన్‌కి వెళ్ళనని ఇంట్లో మొండికేస్తోందని వాళ్ళమ్మ మీతోనే చెప్పినప్పుడు, "చదువంటే బద్ధకం, నేను మందలిస్తాలెండి" అనే మాట మీ నోటికి ఎలా వస్తుంది?

సిలబస్ పూర్తి చేయడంలో మీ బడికి పేరుంది. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ అనే పాఠం ఉంది. అక్కడికొచ్చేసరికి మాత్రం "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అంటారు, పేజీలు తిరిగిపోతాయి. ఏడాదికోసారి పీహెచ్‌సీ నుంచి ఏఎన్ఎమ్‌ను పిలిపిస్తారు. ఆడపిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, కిటికీలు మూసి, నెలసరి గురించి చెప్పిస్తారు. మగపిల్లలకు వాలీబాల్ ఇచ్చి గ్రౌండుకి పంపిస్తారు. ఆవిడ బాగానే చెబుతుంది, పిలిపించాలన్న మీ ఆలోచనా మంచిదే. కానీ కిటికీ రెక్క పడగానే లోపలి పిల్లలకు ఒంటి సంగతి సిగ్గుపడాల్సిందని అర్థమైపోయింది. బయట బంతాడే పిల్లలకు ఇదంతా తమకు సంబంధం లేని గొడవని అర్థమైంది.

సంబంధం ఉంది. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వాళ్ళలో సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అలా చెప్పినవాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మకంగా మెలిగినవాళ్ళు. పిల్లల్లో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎక్కువ శాతం నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే మీదీ, మాదీ.

పిల్లల్ని ఆ బడికి పంపే అమ్మా, మిమ్మల్నీ మెచ్చుకోవాలి. మీ పిల్లలు పెద్దవాళ్ళ మాట జవదాటరు. చుట్టాలొస్తే మంచినీళ్ళిస్తారు, మామయ్య ఒళ్ళో కూర్చోమంటే కూర్చుంటారు, తాతయ్యకు ముద్దు పెట్టమంటే పెడతారు. ఆ మర్యాద మీరు ఓపిగ్గా నేర్పిందే, అందులో తప్పు పట్టేదేమీ లేదు. అంత ఓపికతో ఇంకొక్కటి నేర్పలేదు. "నాకిష్టం లేదు" అంటే అమ్మ నా పక్షానే నిలబడుతుందన్న ధైర్యం. చెడు తలపెట్టినవాడు చాక్లెట్ ఇస్తాడు, ఆడుకోమని ఫోన్ ఇస్తాడు, మెల్లగా చనువు పెంచుకుని చివరికి "అమ్మకు చెప్పకు" అంటాడు. పెద్దవాళ్ళ మాట వినడం తప్ప మరొకటి తెలియని పసివాడు ఆ మాట కూడా వింటాడు.

చెప్పాల్సింది కొండంత చదువేమీ కాదు. మూడేళ్ళ పిల్లకు ఒంట్లో ప్రతి భాగానికీ పేరు చెప్పాలి, కన్నుకీ ముక్కుకీ చెప్పినంత మామూలుగా. బడికి వెళ్ళే వయసుకు, స్నానం చేయించేటప్పుడో డాక్టరు చూసేటప్పుడో తప్ప, అదీ అమ్మో నాన్నో పక్కనుంటే తప్ప, లోదుస్తుల చాటున ఉండే చోట్ల ఎవరూ చేయి వేయకూడదని చెప్పాలి. దాచమన్న ముద్దులూ, దాచమన్న కానుకలూ ఇంట్లో చెప్పితీరాలని చెప్పాలి. ఒకరికి చెబితే నమ్మకపోతే ఇంకొకరికి చెప్పమనాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చనాలి. ఏం జరిగినా తప్పు నీది కాదని చెప్పాలి, ఒకసారితో సరిపెట్టకుండా మళ్ళీ మళ్ళీ. పెద్ద పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, ఎదుటి మనిషి మౌనం ఒప్పుకోలు కాదని చెప్పాలి.

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారన్న భయం మన పెద్దల్లో బలంగా ఉంది. 2009లో వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని సిఫార్సు చేసింది. వాళ్ళ ఆందోళనలో పిల్లల మీది ప్రేమ ఉంది, కాదనను. కానీ మనం చెప్పకుండా వదిలేసిన చోట పిల్లలు ఖాళీగా కూర్చోరు. ఫోన్ చెబుతుంది, చెప్పకూడనివాడు చెబుతాడు.

ఈ పని ఊరికి చేతకాదని మాత్రం ఎవరూ అనలేరు. వయోజన విద్య వాచకంలో తాగుడుకు కూలిన కాపురం కథ చదివి, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊరూరా పాకి 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. ఒక్క పాఠానికి అంత బలమున్న నేల ఇది. ఈనాటి పొదుపు సంఘాల అక్కలూ తక్కువవాళ్ళు కాదు. వాయిదా ఒక్కరోజు తప్పనివ్వరు, ఎవరింట్లో ఏ కష్టముందో అందరికంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. ఏ పిల్ల విషయంలో ఎవరు రాజీ కుదిర్చారో కూడా తెలుస్తుంది. అది మాత్రం సంఘం మీటింగులో మాటకు రాదు.

మన కోపమూ గొప్పదే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరానికి రెండు రాష్ట్రాలూ రోడ్డెక్కాయి. బడిపిల్లలు సైతం కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. తలుచుకుంటే అంత వేగం మనకుంది. కానీ ఆ కొవ్వొత్తి పట్టించిన పిల్లకు, ఇంటి పక్కనున్న మనిషి గురించి ఏం చెప్పాం? పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్ళేనని పోలీసు లెక్కలే చెబుతుంటే?

ఆ పోక్సో చట్టం ఎప్పుడో వచ్చింది, 2012లో. పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పితీరాలి. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు. ఆ చట్టం కింద వచ్చిన 2020 నియమాలు పిల్లల మధ్య పనిచేసే ప్రతి మనిషి పూర్వాపరాలు విచారించాలన్నాయి, వయసుకు తగిన పాఠాలు తయారు చేయమన్నాయి. బడి పరువు కోసం మీరెంత తపిస్తారో నాకు తెలుసు, హెడ్మాస్టరు గారూ. ఆ తపన వల్లే గదా, గుమాస్తా మీద ఫిర్యాదు తెచ్చిన తండ్రిని లోపలికి పిలిచి, టీ ఇప్పించి, "పిల్ల బతుకు రచ్చకెక్కుతుంది" అని నచ్చజెప్పి పంపింది.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నీ ఒకే రోజు తల్లిదండ్రుల్ని పిలిచాయి. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడులాగుడు పెట్టాయి. అంతమందిని ఒక్కరోజున రప్పించగల విద్యాశాఖ మనది. ఈసారి అలా వచ్చినప్పుడు పావుగంట అడిగి తీసుకోండి. మీ వాచ్‌మన్, ఆటో డ్రైవర్లు, గుమాస్తా వివరాలు స్టేషన్‌లో ఇచ్చారా లేదా అందరి ముందూ చెప్పండి. ఏ పిల్లయినా, ఏ పిల్లవాడైనా ఏదైనా జరిగితే బడిలో ఏ టీచరు దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలో, ఆ పేరు నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.