రీరన్ వీరుడు

సాఫ్ట్‌వేర్ వృత్తిలో ప్రోగ్రామరు, టెస్టరు, మేనేజరు అనే మూడు జాతులను మాత్రమే సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు గాని, ఈ మూడింటి నడుమ తిరుగుతూ, దేనికీ పూర్తిగా చెందకుండా, ఓపెన్ సోర్స్ లోకంలో బాగా విస్తరించిన నాలుగో జాతి ఒకటి ఉంది. దానిని రీరన్ వీరుడు అని పిలవడం సముచితం. ఓపెన్ సోర్స్ అంటే మూలరూపాన్ని ఎవరైనా చదివి, మార్చి, ఆ మార్పును తిరిగి మూలంలో కలపమని అడగగలిగే సాఫ్ట్‌వేరు. అలా అడగడాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు, వాడుకలో పీఆర్. పీఆర్ చేరిన వెంటనే సీఐ అనే ఏర్పాటు ఎక్కడో ఉన్న విండోస్, లినక్స్, మ్యాక్ కంప్యూటర్ల మీద ఆ మార్పుతో ప్రోగ్రామును కట్టి, వందలాది పరీక్షలను తనంతట తానే నడిపి, అన్నీ గట్టెక్కితే పచ్చ గుర్తు, ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు చూపిస్తుంది. ఎర్ర గుర్తు కనబడగానే సామాన్య ప్రోగ్రామరు తన తప్పు కోసం వెతుకుతాడు. వీరుడు ‘మళ్ళీ నడుపు’ అనే బటన్ కోసం వెతుకుతాడు.

ఈ జాతికి నెలవు బెంగళూరో గచ్చిబౌలియో అనుకోవడం 2020కి ముందటి మాట. కరోనా వచ్చి ఇంటి నుంచి పని అలవాటైన తరువాత పాలమూరు మండల కేంద్రాలలో కూడా వీరులు కుదురుకున్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరులో విడివడిన నాగర్‌కర్నూల్ జిల్లాలోని తిమ్మాజిపేటను ఉదాహరణగా తీసుకుంటే, అక్కడి వీరుడు పగలు జీతమిచ్చే కంపెనీకి, రాత్రి భోజనమైన తరువాత జీతమివ్వని ఓపెన్ సోర్స్‌కు పనిచేస్తాడు. గౌరవం మాత్రం రెండోదాని మీదే ఎక్కువ, ఎందుకంటే మొదటిదాని సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, రెండోదాని సంగతి ఎంత వివరించినా ఎవరికీ అంతుపట్టదు. ఇంట్లోవారికి అర్థమయ్యేది రంగు ఒక్కటే. “ఇంకా ఎర్రగనే ఉన్నదా బిడ్డా?” అని తల్లి అడుగుతుంది. “విండోస్‌ల పోయిందమ్మా, నాది కాదు” అని వీరుడు జవాబిస్తాడు. “అయితే మల్ల నొక్కరాదు” అని ఆమె సలహా చెబుతుంది. పేరుమోసిన ప్రాజెక్టులలో పెద్ద జీతాల ఇంజనీర్లు అనుసరించే విధానం అక్షరాలా ఇదేనన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు.

వీరుడిని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఫ్లేకీ పరీక్ష అంటే ఏమిటో తెలియాలి. కోడులో ఒక్క అక్షరమైనా మారకుండా, అదే పరీక్ష ఒకమారు గెలిచి మరొకమారు ఓడితే దానిని ఫ్లేకీ అంటారు. పొలం దగ్గర బోరు మోటారు స్టార్టరును నొక్కితే ట్రిప్పయి, ఇంకోసారి నొక్కితే లేచి నీళ్ళు పోస్తున్నంత కాలం, అది మొదట ఎందుకు ట్రిప్పయిందని ఎవరూ అడగరు. ఒక ఫేజు సరిగా రావడం లేదన్న సంగతి మోటారు కాలిన రోజున తెలుస్తుంది. ఫ్లేకీ పరీక్షతో వీరుడికి ఉన్నది ఈ స్టార్టరు సంబంధమే. పండితులు మాత్రం కారణాలు వెతికారు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన నలుగురు పరిశోధకులు 2014లో, అపాచీ సంస్థ నీడన ఉన్న 51 ప్రాజెక్టులలో ఇటువంటి పరీక్షలను చక్కదిద్దిన 201 మార్పులను పరిశీలించారు. కారణం తేల్చగలిగిన వాటిలో దాదాపు 45 శాతం, అవతలి పని పూర్తయ్యేదాకా సరిగా ఆగకపోవడం వల్ల వచ్చినవి; 20 శాతం, ఒకే వస్తువు మీద రెండు పనులు ఒకేసారి చేయి వేసి ముందువెనుకలు తారుమారైనవి; 12 శాతం, ఒక పరీక్ష మిగిల్చిన చెత్త మీద మరొక పరీక్ష ఆధారపడినవి. ఫ్లేకీ పరీక్షలలో 96 శాతం ఏ ఒక్క ప్లాట్‌ఫామ్‌కూ, అంటే ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్‌కో ఫలానా రకం యంత్రానికో, కట్టుబడినవి కావని కూడా వారు రాశారు. వీరుడు ఈ అధ్యయనం చదివినవాడే. తన పీఆర్‌లన్నీ మిగిలిన 4 శాతంలోకి వస్తాయని అతని విశ్వాసం.

ఆ విశ్వాసానికి ఆధారాలు లేకపోలేదు, వాటిని అతడు కంఠస్థం చేశాడు కూడా. విండోస్‌లో ఫైలు దారి పేరు 260 అక్షరాలకు చేరితే పాత పద్ధతి ప్రోగ్రాములు మొరాయిస్తాయి. తెరిచి ఉన్న ఫైలును చెరిపేయమంటే లినక్స్ మారు మాట్లాడకుండా చెరిపేస్తుంది, విండోస్ సాధారణంగా ఒప్పుకోదు. కనుక తాత్కాలిక ఫైళ్ళను ఊడ్చే పరీక్షలు అక్కడికి వెళ్ళి బోల్తా పడతాయి. మామూలు అమరికలో విండోస్ గడియారం సెకనుకు 64 సార్లే కొట్టుకుంటుంది గనుక, ఒక్క మిల్లీసెకను ఆగమన్న ప్రోగ్రాము అక్కడ పదిహేను మిల్లీసెకన్ల దాకా నిద్రపోవచ్చు. మ్యాక్ మామూలు అమరికలో ఫైలు పేర్లలోని క్యాపిటల్, స్మాల్ అక్షరాలను వేరుగా చూడదు. ఇళ్ళలో వాడే ప్రాసెసర్లు ఒక సంఖ్యలోని బైట్లను చిన్న కొస నుంచి పేర్చుకుంటూ పోతే, ఐబీఎం మెయిన్‌ఫ్రేములలోని ఎస్390ఎక్స్ పెద్ద కొస నుంచి పేరుస్తుంది. డెబియన్ వంటి ప్రాజెక్టులు తమ ప్యాకేజీలను దాని మీద కూడా కట్టి చూస్తాయి. తిమ్మాజిపేట వీరుడు అటువంటి యంత్రాన్ని కంటితో చూడలేదు, చూడగలనన్న ఆశ కూడా లేదు, అయినా దాని దుర్గుణాల మీద గంటసేపు ప్రసంగించగలడు.

చిక్కేమిటంటే, ఇన్ని నిజాలను కూడబెట్టి అతడు వాటితో నిలబెట్టేది ఒకే ఒక ఆధారం లేని మాట: ఈసారి పోయింది కూడా ఇందువల్లనే అని. పరీక్ష నడిచినప్పుడు యంత్రం వరుసగా రాసుకునే చిట్టాను లాగ్ అంటారు. వేల వరుసల ఆ లాగ్‌లో ‘విండోస్’ అన్న మాట కనబడిన చోటికి వీరుడి పఠనం సమాప్తమవుతుంది.

మళ్ళీ నడిపే కళలో అంతస్తులున్నాయి. ప్రాజెక్టులో హక్కులున్నవాడికి, ఇటువంటి ప్రాజెక్టులు ఎక్కువగా కాపురముండే గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో బటనే ఉంటుంది. తప్పిన పనులను మాత్రమే తిరిగి నడిపే వెసులుబాటు 2022లో వచ్చింది, అంతకుముందు ఒక్క విండోస్ చేసిన పాపానికి లినక్స్‌ను, మ్యాక్‌ను కూడా మళ్ళీ పరుగెత్తించవలసి వచ్చేది. కుబెర్నెటీస్ ప్రాజెక్టులో ‘స్లాష్ రీటెస్ట్’ అని వ్యాఖ్య రాస్తే చాలు, బాట్ అనే యాంత్రిక సేవకుడు మిగతాది చూసుకుంటాడు. హక్కులు లేని కొత్తవాడి పాట్లు వేరు: అతడు తన పీఆర్‌ను తానే మూసి తానే తెరుస్తాడు, లేదా ఖాళీ కమిట్ పంపుతాడు. కమిట్ అంటే చేసిన మార్పును ప్రాజెక్టు చరిత్రలో నమోదు చేయడం. ఖాళీ కమిట్ అంటే ఏమీ చేయలేదన్న సంగతిని అదే చరిత్రలో శాశ్వతంగా నమోదు చేయడం. వాటికి తగిలించే సందేశాలను వరుసగా చదివితే వీరుడి మనఃస్థితి తెలుస్తుంది: మొదటిది “సీఐని మరోసారి నడిపించుటకు” అని నిండు వాక్యంగా ఉంటుంది, రెండోది “మళ్ళీ” అని ఉంటుంది, మూడోది ఒక చుక్క.

దీనినంతా సోమరితనమని కొట్టిపారేయడం అన్యాయం. గూగుల్‌లో పనిచేసిన జాన్ మికో 2016లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఆ సంస్థలో పరీక్షల పరుగులలో 1.5 శాతం ఫ్లేకీ ఫలితాలిస్తాయి, మొత్తం పరీక్షలలో దాదాపు 16 శాతానికి ఈ జబ్బు ఎంతో కొంత ఉంది, గెలుస్తున్న పరీక్ష ఓటమికి మారినట్టు కనబడిన సందర్భాలలో 84 శాతం ఫ్లేకీ పరీక్షల పుణ్యమే. ఫ్లేకీ అని ముద్రపడిన పరీక్ష వరుసగా మూడుసార్లు ఓడితేనే ఓటమిగా లెక్కించే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. అంటే తిమ్మాజిపేట తల్లి సలహాకు శాసనరూపం వచ్చిందన్నమాట. సంభావ్యతా గణితం కూడా వీరుడినే సమర్థిస్తుంది: నూరు పరుగులకు ఒకమారు తప్పే పరీక్షలు ఒక ప్రాజెక్టులో నూరు ఉంటే, అన్నీ ఒకేసారి గట్టెక్కే అవకాశం సుమారు 37 శాతమే గనుక, ఏ పాపం ఎరుగనివాడికి కూడా మూడింట దాదాపు రెండుసార్లు ఎర్ర గుర్తే ప్రాప్తిస్తుంది. అయితే అదే గణితానికి రెండో ముఖం ఉంది. రెండు పరుగులకు ఒకసారి మాత్రమే బయటపడే అసలుసిసలు దోషం, మూడు అవకాశాల మర్యాద పొందితే, ఎనిమిదింట ఏడుసార్లు పచ్చ గుర్తుతో దర్జాగా లోపలికి నడిచివస్తుంది. మొదటి లెక్కను వీరుడు అడగనివారికి కూడా చెబుతాడు. రెండోది అడిగితే ఆ సమయానికి అతనికి మీటింగు ఉంటుంది.

ఎన్నిసార్లు నొక్కినా పచ్చబడని పరీక్షకు ‘స్కిప్’ అనే గుర్తు తగిలిస్తారు, అంటే ఇక దాన్ని నడపవద్దని యంత్రానికి చెప్పడం; పక్కనే “తర్వాత చూడాలి” అని రాస్తారు. చూసినవారు అరుదు.

వాదన ముదిరితే వీరుడు 2018ని బయటికి తీస్తాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఆపిల్ ఫోనుకు ఒకే ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే కూలిపోయేది. జకారం, దానికి పొల్లు, ఞకారం, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం, చివర దీర్ఘం, ఈ ఐదూ ఆ వరుసలో పడితే చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే అక్షరం కులాసాగా కనబడేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. లోకమంతా ఒక్క ‘జ్ఞా’కు జడిసిన ఆ రోజులను తలచుకున్నప్పుడల్లా వీరుడి ముఖం వెలుగుతుంది, తెలుగువాడిగా కొంత, ప్లాట్‌ఫామ్‌ల మీద నేరం రుజువైనందుకు మరికొంత. కానీ జాగ్రత్తగా చూస్తే ఆ ఉదంతం అతని పక్షాన సాక్ష్యం చెప్పదు, ఎందుకంటే ఆ అక్షరం ఒకసారి కూల్చి ఒకసారి వదిలిపెట్టిన బాపతు కాదు. ఆ ఫోనులో ఎన్నిసార్లు రీరన్ కొట్టినా కూలవలసిందే. నికార్సయిన ప్లాట్‌ఫామ్ దోషం ఇచ్చిన మాట మీద నిలబడుతుంది. వీరుడి పీఆర్‌లలో ఎర్రబడేవి ఆ నిలకడ లేనివి.

తెలుగు లిపిని తెర మీద చూపే ప్రాజెక్టులలో అతనికి మరో ఆయుధం కూడా దొరుకుతుంది. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఒక ఉచిత తెలుగు ఫాంటు ఉంది. దానితో ఒకే పద్యాన్ని లినక్స్‌లో, విండోస్‌లో, మ్యాక్‌లో అచ్చు వేయించి చిత్రాలను చుక్కకు చుక్క పోల్చితే, ఒత్తులను పేర్చే ఇంజన్లు, అంచులను నునుపు చేసే పద్ధతులు వేరు గనుక మూడూ సరిపోలవు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన ఆ మహానుభావుడు 1953లోనే వెళ్ళిపోవడం వల్ల వీరుడి ఆచారవ్యవహారాలకు అందులో చోటు దక్కలేదు.

ఈ జాతి జీవితంలో కీలకఘట్టం మాత్రం వేరే చోట ఉంది, దానికి కారణం భారతదేశపు గడియారం. సీఐ యంత్రాలు సాధారణంగా యూటీసీ అనే విశ్వకాలాన్ని పాటిస్తాయి, భారత కాలం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ఏదో ఒక పరీక్ష ‘నేటి తేదీ’ని ఒకచోట స్థానిక గడియారం నుంచి, మరొకచోట యూటీసీ నుంచి తీసుకుంటే, తిమ్మాజిపేటలో అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5.30 దాకా ఆ రెండూ వేర్వేరు తేదీలు చెబుతాయి. పగలంతా ఆ పరీక్ష గెలుస్తుంది. రాత్రి పూట మాత్రమే సేవ చేసే వీరుడి చేతిలో ఓడుతుంది. సీఐలో ఏనాడూ ఓడదు. అతడు ఫిర్యాదు రాస్తే, చలికాలమంతా యూటీసీతో సమానంగా నడిచే లండన్ నగరంలోని ప్రాజెక్టు పెద్ద నుంచి మర్యాదగా జవాబు వస్తుంది: ఇక్కడ రావడం లేదు, లోపం మీ యంత్రంలోనే ఉన్నట్టుంది, దయచేసి మరోసారి నడిపి చూడండి.

ఎస్390ఎక్స్‌కు తాను ఇన్నాళ్ళూ ఇచ్చిన మర్యాద తన ఊరికి దక్కిందని వీరుడికి అప్పుడు తెలుస్తుంది. తిమ్మాజిపేట ఒక ప్లాట్‌ఫామ్ అయింది, అదీ నమ్మరాని ప్లాట్‌ఫామ్. పౌరుషం వచ్చి అతడు జీవితంలో మొదటిసారిగా లాగ్‌ను చివరి వరుస దాకా చదువుతాడు, రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తాడు, చేతికి చిక్కిందనుకునేలోగా గడియారం 5.30 కొడుతుంది, పరీక్ష పచ్చబడి సాక్ష్యం మాయమవుతుంది. మళ్ళీ అర్ధరాత్రి దాకా ఆగాలి. ఆగి, రెండు తేదీలనూ ఒకే గడియారం నుంచి తీసుకునేలా రెండు వరుసలు మార్చి పీఆర్ పంపితే, అది మెర్జ్ అవుతుంది, అంటే మూలంలో కలుస్తుంది.

ఇటువంటి విజయం తరువాత ప్రాజెక్టు వారు వీరుడికి హక్కులిచ్చి, ఫ్లేకీ పరీక్షల పట్టికను అతని చేతిలో పెట్టడం రివాజు. పదవి వచ్చిన మరునాడే అతడు కొత్తవారి కోసం ఉన్న నియమావళిలో ఒక వాక్యం చేర్చుతాడు: రీరన్ నొక్కబోయే ముందు లాగ్‌ను చివరిదాకా చదవవలెను. కోడును తాకని, ఒక్క వాక్యం మాత్రమే ఉన్న ఆ పీఆర్‌కు కూడా సీఐ అన్ని పరీక్షలనూ నడుపుతుంది, మ్యాక్‌లో ఏదో ఒకటి సమయం మించి ఎర్రబడుతుంది. నియమం ఇంకా మెర్జ్ కాలేదు గనుక అది తనకు వర్తించదని వీరుడు నిర్ణయించి, బటన్ నొక్కుతాడు.