ఛాతీ మీద చైతన్యం, ధర 2,499

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం విసుగెత్తిందా నాయనా? సమాజాన్ని మార్చాలనీ, పనిలో పనిగా ఇన్‌స్టాలో నీలం టిక్కు తెచ్చుకోవాలనీ ఉందా? అయితే సామాజిక స్పృహ గల స్ట్రీట్‌వేర్ బ్రాండ్ పెట్టు. పార్టీ పెడితే డిపాజిట్ పోతుంది. ధర్నా చేస్తే పోలీసులు కేసు పెడతారు. టీషర్టు వేస్తే లైకులు పెడతారు.

ముందు పేరు. బస్తీ, కూలి, నాటు, అడ్డా, ఈ బాపతువి ఏవైనా సరే. తెల్లారకముందే అడ్డా మీద పని కోసం నిలబడే మనిషిని అడగనక్కర్లేదు. ఆ పేరుకు ట్రేడ్‌మార్కు అతను తీసుకోలేదు కదా.

పేరు కుదిరాక తమిళనాడులోని బట్టల ఊరు తిరుపూరుకు ఫోన్ చెయ్యి. నీ విప్లవం అక్కడ అప్పటికే కుట్టి, మడిచి, సైజులవారీగా కట్టలు కట్టి సిద్ధంగా ఉంటుంది. 240 జీఎస్‌ఎం లూప్‌నిట్, భుజం జారిన ఓవర్‌సైజ్, నలుపు రంగు. మెడ దగ్గర లేబుల్ మార్పించి, వెబ్‌సైటులో ‘చిన్న బ్యాచుల్లో, ప్రేమతో తయారైనది’ అని రాసుకో. ఆ నలుపు ఎక్కడ అద్దారని మాత్రం అడగకు. అద్దకం యూనిట్ల మురుగు తాగి తాగి నొయ్యల్ నది ఏమైందో, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి వందలాది యూనిట్లను ఎందుకు మూసెయ్యమందో చదువుకుంటూ కూర్చుంటే డిజైను మీద ధ్యాస చెడుతుంది. వాడిన నీళ్లు చుక్క కూడా బయటికి వదలకూడదన్న నిబంధన ఉంది. అలా శుద్ధి చెయ్యడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు గుడ్డ మీదే పడుతుంది. కనుక ఎవరైనా మరీ చవగ్గా అద్ది ఇస్తానంటే కారణం అడగడం మర్యాద కాదు.

నూలు సంగతి అసలే వద్దు. తమిళనాడు నూలు మిల్లుల్లో ‘సుమంగళి’ పేరుతో ఒక పద్ధతి నడిచింది. పేదింటి ఆడపిల్లలను మూడేళ్లపాటు హాస్టల్లో పెట్టి పని చేయించుకోవడం, చివర్లో పెళ్లి ఖర్చులకని మొత్తం ఒకేసారి ఇస్తామనడం. నీ రెండో డిజైను మహిళాశక్తి మీద కదా. రెండూ ఒకే పేజీలో బాగుండవు.

ఇప్పుడు పత్తి లెక్క చూద్దాం. నీ చొక్కా సుమారు 300 గ్రాములు తూగుతుంది. కిలో పత్తిని జిన్నింగ్ చేస్తే మూడో వంతు దూది వస్తుంది, మిగతాదంతా దాదాపు గింజే. అంటే నీ ఒక్క చొక్కాకు రైతు చేతి నుంచి కిలో పత్తి కావాలి. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కిలోకు 81. అదైనా ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ మిషన్ కరుణిస్తేనే. ఎనిమిది శాతం దాటితే ధరలో కోత, పన్నెండు దాటితే బండి వెనక్కి. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, పత్తి తీసిన ఆడవాళ్ల కూలి, అప్పు మీద వడ్డీ అన్నీ ఆదిలాబాద్ రైతు ఆ 81లోనే సర్దుకుంటాడు. నీ చొక్కా 2,499. ఎందుకు 2,499? 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా ధర ఉన్న బట్టల మీద జీఎస్టీ 5 శాతం, దాటితే 18. నీ మనస్సాక్షి సరిగ్గా ఆ గీతకు ఇవతల బ్రేకు వేసింది.

ఆ 81 రూపాయల మనిషిని మరిచిపోయావని ఎవరూ అనకుండా వీపు మీద ‘రైతే రాజు’ అని అచ్చు వేయించు. పఫ్ ప్రింటయితే రాజు కాస్త ఉబ్బుగా కనిపిస్తాడు.

బొమ్మ కావాలా? చే గువేరా ఉండనే ఉన్నాడు. 1960లో హవానాలో ఆ ఫోటో తీసిన ఆల్బెర్టో కోర్డా ఏళ్ల తరబడి రాయల్టీ అడగలేదు. వోడ్కా ప్రకటనకు వాడినప్పుడు మాత్రం కోర్టుకెక్కాడు. నువ్వు అమ్మేది వోడ్కా కాదు, భయం లేదు. ఈ వ్యాపారానికి గురుపీఠం లాంటి న్యూయార్క్ సుప్రీమ్ 1994లో స్కేట్‌బోర్డు కుర్రాళ్ల కొట్టుగా మొదలైంది. 2016లో మామూలు మట్టి ఇటుక మీద తన పేరు కొట్టి 30 డాలర్లకు అమ్మింది. జనం ఎగబడి కొన్నారు. కానీ ఇటుకను వాళ్లు ఇటుకగానే అమ్మారు, భవన కార్మికుల విముక్తి అనలేదు. ఆ మేరకు నిజాయతీపరులు.

ఫోటోషూట్ చార్మినార్ దగ్గరో కోఠిలోనో పెట్టుకో. పేవ్‌మెంటు మీద బట్టలు పరుచుకున్న వ్యాపారిని ఫ్రేములోంచి కాస్త పక్కకు జరగమను. అలా అమ్ముకునే హక్కు 2014 చట్టం ఇచ్చిందని అతను అనొచ్చు. లైటు పోతోందని చెప్పు.

ఇక దానం. ‘లాభాల్లో పది శాతం పేద పిల్లల చదువుకు’ అని ప్రకటించు. అమ్మకాల్లో అనకు సుమా, లాభాల్లో అను. ఆఫీసు అద్దె, ఇన్‌ఫ్లుయెన్సర్ల ఫీజు, నీ జీతం, ఆడిటర్ చాకచక్యం అన్నీ పోగా లాభం సున్నా వస్తుంది. సున్నాలో పది శాతం ఎంతో ఆ పేద పిల్లలే చెబుతారు, ఆ మాత్రం చదువు వాళ్లకు ఉంది.

వెటకారం ఇక్కడితో ఆపుతాను. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివార్లలో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి పదకొండు వందల మందికి పైగా బట్టల కార్మికులు చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి, అయినా వాళ్లను లోపలికి పంపారు. ఆ మిషన్ల మీద ఎవరి బట్టలు కుడుతున్నారో తేల్చడానికి శిథిలాల్లో లేబుళ్లు ఏరాల్సి వచ్చింది. కుట్టిన చేతుల గురించి లేబుల్ మీద ఒక్క ముక్క కూడా లేకపోవడం మన దగ్గరా నేటికీ మామూలే. ‘స్పృహ’ అమ్ముకునే బ్రాండ్లు కూడా నినాదాన్ని ఛాతీ నిండా వేసి, కుట్టుకూలి అంకెను లెడ్జరులో దాస్తాయి.

కొనేవాళ్లకు ఒక మాట. ఈసారి అలాంటి చొక్కా ముచ్చటేస్తే, డబ్బు కట్టేముందు ఆ బ్రాండుకు ఒక మెసేజ్ పెట్టండి: ఈ చొక్కా కుట్టినవాళ్లకు పీసుకు ఎంత ఇచ్చారు? అంకె వస్తే కొనండి. ఎర్ర గుండె ఎమోజీ వస్తే కోఠి వెళ్లండి. మీ సైజు అక్కడ దొరుకుతుంది, బేరం కూడా ఆడొచ్చు.