లైనింగ్ విప్పని రిపేరు

తుప్పు మీద లప్పం పామేసి, పైన రంగు కొట్టి, సాయంత్రానికల్లా బండి అప్పగించేస్తున్నారు. మా రోజుల్లో ఆ పని చేసినవాణ్ని మేస్త్రి మళ్లీ షెడ్డు గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ నాది రేకు పనే. విజయవాడ ఆటోనగర్లో నేర్చుకున్నాను, తర్వాత భీమవరంలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. పాత పికప్ బండ్ల టాపులకు ఇవాళ జరుగుతున్న అన్యాయం చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పాత బండి కొనేవాడు ఛాసీ కింద దూరి చూస్తాడు, ఫుట్‌బోర్డు తొక్కి చూస్తాడు, తలుపుల అడుగు వేలితో తడుముతాడు. టాపు జోలికి మాత్రం పోడు. పక్కన నిలబడితే అది కంటికి ఆనదు. లోపల కూర్చుంటే లైనింగ్ అడ్డం. అందుకే తుప్పు అక్కడ చేరి, అడిగేవాడు లేక ఏళ్ల తరబడి రేకును తింటూ పోతుంది.

అది ఎక్కడ మొదలవుతుందో మాకు మేస్త్రి మొదటి ఏడాదే చూపించేవాడు. పాత బొలెరో పికప్పు గానీ, జహీరాబాదులో తయారైన అల్విన్ నిస్సాన్ గానీ, టాపు చుట్టూ వాన నీళ్లు జారడానికి గట్టర్ ఉంటుంది. అక్కడ టాపు రేకూ పక్క రేకూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. వాటిని చుక్క చుక్కగా స్పాట్ వెల్డింగ్ చేసి, సందులో సీలెంట్ నింపుతారు. ఎండకు ఎండీ ఎండీ ఆ సీలెంట్ వెంట్రుకవాసి పగులుతుంది. ఆ పగులులోకి పోయిన నీళ్లు మళ్లీ బయటికి రావు. రెండు రేకుల మధ్య సందు వాటిని పైకి కూడా లాక్కుంటుంది. ఇక ఓనరు కొన్నాక బిగించిన క్యారియర్ క్లాంపులు గట్టర్ రంగును గీకేస్తాయి. పట్టా మీద మోకు బిగించి లాగినప్పుడల్లా టాపు అంచు ఒరుసుకుపోతుంది.

మా డెల్టా బండ్లకు ఇది చాలక ఉప్పు తోడు. రొయ్యల ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల నుంచి చేపలు తెచ్చే బండ్ల మీద సముద్రపు గాలి, అన్నీ రేకు మీదే. తడి ఒక్కటే ఉంటే తుప్పు నడుస్తుంది. ఉప్పు కలిస్తే పరుగెడుతుంది. లోపలి నుంచి వచ్చే తడి ఇంకొకటి. అద్దాలు ఎత్తుకుని డ్రైవరు క్యాబిన్లో పడుకుంటాడు, రాత్రి టాపు చల్లబడుతుంది, ఊపిరి తేమ రేకు అడుగున నీటి చుక్కలై అంటుకుంటుంది. లైనింగ్ వెనక స్పాంజి ఆ నీళ్లను తాగి కూర్చుంటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగున రేకు కరిగిపోతూ ఉంటుంది.

తుప్పు తాను తిన్న ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు ఉబ్బి పొక్కులు లేచేది అందుకే. శనగగింజంత పొక్కు కనబడితే లోపల అరచేయంత మేర రేకు పల్చబడి ఉండొచ్చు. ఆ పొక్కును గీకి లప్పం పెట్టడం రోగిని చూడకుండా మందు రాయడమే.

మొన్న వేసవిలో ఒక బొలెరో పికప్ వచ్చింది. "బాబాయ్, వానొస్తే మోకాలి మీద నీళ్లు పడుతున్నాయి, ముందు అద్దం దగ్గర కారుతోందంటున్నారు" అన్నాడు కుర్రాడు. అప్పటికే వేరే షెడ్డులో బీడింగు చుట్టూ సిలికాన్ దట్టించి, అద్దం పైన లప్పం పెట్టి, రంగు కొట్టి ఇచ్చారట. బయట చూస్తే చిన్న మచ్చ కూడా లేదు. సన్‌వైజర్లు, క్యాబిన్ లైటు, తలుపు బీడింగు ఊడదీసి లైనింగ్ దించాను. స్పాంజి నొక్కితే కాఫీ రంగు నీళ్లు కారాయి. స్క్రూడ్రైవర్ పిడితో అంచు వెంబడి కొట్టుకుంటూ వెళ్తే, మంచి రేకు ఉన్నచోట ఠంగుమంది, మధ్యలో ఒకచోట దబ్బుమంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కగానే రేకు, సీలెంట్, లప్పం అన్నీ దాటి బయటికి వచ్చింది. ఎవరో ఆ బండికి రేకు బదులు లప్పమే టాపుగా పెట్టి పంపించారు.

మా రోజుల్లో ఈ పనికి ఒక వరస ఉండేది. బ్యాటరీ వైరు పీకాలి, సీట్లు దించాలి, లైనింగ్ విప్పాలి, ఆ తర్వాతే ధర మాట్లాడాలి. తుప్పును తళతళలాడే రేకు తగిలేదాకా గీకాలి. గుంటల్లో మిగిలిన నల్ల చుక్కలకు ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి, అది పని చేశాక కడిగి, బాగా ఆరనివ్వాలి. పల్చబడిన రేకును జాలి పడకుండా కోసెయ్యాలి. అట్ట ముక్క మీద కొలత తీసి, పాత రేకుకు సరిపడే మందంతో కొత్త ముక్క కోయాలి. చాలా టాపులకు 20 గేజ్ రేకు సరిపోతుంది, అంటే మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం. పాత రేకు మీద ముక్క వేసి అతకడం సులువే, కానీ ఆ రెండింటి మధ్య మళ్లీ ఒక సందు పుడుతుంది, తుప్పుకు మళ్లీ ఇల్లు దొరుకుతుంది. అందుకే అంచుకు అంచు ఆనించి అతికేవాళ్లం. టాపు రేకుకు వేడి పడదు, ఒకేచోట మంట పెడితే అలలు లేస్తుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్యలో చల్లారనిస్తూ, చుట్టూ తడి గోనె పరిచి వెల్డింగ్ చేసేవాళ్లం. లేచిన అలను కింద డాలీ అనే ఇనుప దిమ్మ పట్టి పైన సుత్తితో సర్దేవాళ్లం. లప్పం చివర్లో, పల్చగా, చూపుకు నునుపు తేవడానికి మాత్రమే వాడేవాళ్లం.

అప్పటి సరంజామాతో పోలిస్తే ఇప్పటిది ఎంతో మేలు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మాది కార్బైడ్ గ్యాసు, చేతి పంపు, రెడాక్సైడ్ డబ్బా. రెడాక్సైడ్ ఒక్కటే నీళ్లను ఎన్నాళ్లో ఆపలేదు. ఇప్పుడు సీఓటూ వెల్డింగ్ ఉంది, సన్నని తీగతో తక్కువ వేడిలో అతుకు పడుతుంది. రేకును పట్టుకుని తేమను ఆపే ఎపాక్సీ ప్రైమర్ ఉంది. ఎండకు పగలని కొత్త సీలెంట్లు, పెట్టె సెక్షన్ల లోపలికి కొట్టే మైనం స్ప్రేలు ఉన్నాయి. ఇన్ని చేతిలో ఉండి కూడా లైనింగ్ విప్పడానికి ఒళ్లు వంగకపోవడమే నాకు కోపం.

తప్పు షెడ్డు కుర్రాళ్లది మాత్రమే కాదు. "సాయంత్రానికి ఇస్తావా?" అని ఓనరు అడుగుతాడు. రేకు కోసి, అతికి, ప్రైమర్ ఆరనిచ్చే పనికి సాయంత్రం ఎక్కడ సరిపోతుంది? 8 ఏళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. ఆ గడువుకు ముందు వారం షెడ్ల దగ్గర బండ్లు బారులు తీరతాయి. బ్రేకిన్‌స్పెక్టర్ కంటికి ఇంపుగా ఉంటే చాలని రంగు కొట్టించుకుపోతారు. పెద్ద వర్క్‌షాపుల్లో చేరిన పిల్లలకు భాగం ఊడదీసి కొత్తది బిగించడమే నేర్పుతున్నారు. సుత్తి, డాలీ పట్టి రేకును మలిచే చెయ్యి తయారు కావడం లేదు. 2021లో కేంద్రం తుక్కు విధానం తెచ్చింది, 15 ఏళ్లు దాటిన బండ్ల ఎఫ్‌సీ ఫీజులు బాగా పెరిగాయి. పొగ కక్కే బండిని పక్కన పెట్టమనడం న్యాయమే. ఇంజనూ ఛాసీ గట్టిగా ఉన్న బండి మాత్రం అరచేయంత టాపు రేకు కోసం తుక్కుకు పోతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ బండి మీద ఒక ఇల్లు గడుస్తోంది.

ఇది అందానికి సంబంధించిన గొడవ అనుకోకండి. బండి పల్టీ కొడితే డ్రైవరు తలకు అడ్డుండేది టాపు, దాన్ని మోసే అద్దం పక్క స్తంభాలు. లప్పం ఏ బరువూ మొయ్యదు. కారిన నీళ్లు ఆ స్తంభాల లోపల నుంచే దిగి ఫ్యూజు బాక్సు మీద పడతాయి. ఆ తర్వాత లైట్లు ఆరిపోతున్నాయని, వైపర్ పని చెయ్యడం లేదని ఎలక్ట్రీషియన్ చుట్టూ తిరుగుతారు.

బండి ఉన్నవాళ్లకు నా మాట ఇది. వానాకాలం వెళ్లాక లైనింగ్ అంచు కాస్త లాగి లోపలికి చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే ఆలస్యం చెయ్యకండి. గట్టర్‌లో మట్టి, ఆకులు పేరుకోనివ్వకండి, ఉప్పు సరుకు మోసిన రోజున టాపు మీద కూడా మంచినీళ్లు కొట్టండి. షెడ్డుకు వెళ్తే కోసిన రేకు ముక్కను చూపించమని అడగండి. లప్పం పెట్టకముందు, ప్రైమర్ కొట్టాక ఒకసారి వెళ్లి కళ్లారా చూసుకోండి. రెండు రోజులు బండి ఆగితే ఆగనివ్వండి, మేస్త్రికి న్యాయమైన కూలి ఇవ్వండి. లైనింగ్ విప్పకుండా రేటు చెప్పేవాడి చేతికి మాత్రం తాళం ఇవ్వకండి.