ప్రతులకు: యారాడ

విశాఖలో సాహిత్య సభ ముగిసి, టీ కప్పులు ఇంకా చేతుల్లో ఉండగానే జనం ఉన్నట్టుండి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారంటే, మాస్టారు సంచీ జిప్పు తీశారన్నమాట. వందన సమర్పణ దాకా నిద్రపోయినవాళ్ళు కూడా ఆ జిప్పు చప్పుడుకి లేస్తారు. అయినా లాభం లేదు. గుమ్మం దగ్గర నిలబడేది ఆయనే.

మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఈయన చేసింది కృష్ణ మీద. కానీ మా వైపు కళ్ళజోడూ, చేతిసంచీ, అరవై దాటిన వయసూ ఉంటే చాలు, మనిషి మాస్టారైపోతాడు. ఆయనా కాదనలేదు. ఇలాంటి మాస్టారు తెలుగునాట ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, దానికి తగిన పాఠకుడి కోసం పెళ్ళికూతురి తండ్రిలా ఊళ్ళు తిరుగుతుంటారు. మా మాస్టారు యారాడలో ఉంటారు కాబట్టి తిరుగుడు కొంచెం ఎక్కువ, అంతే.

ఐదొందల ప్రతులు చాలనుకునే ప్రెస్సుకి వెళ్ళారట. ప్రెస్సాయన లెక్క చెప్పాడు: ప్లేట్లు ఐదొందలకైనా వెయ్యికైనా అవే, మిషను ఎక్కించే ఖర్చూ అదే, పెరిగేదల్లా కాగితం, బైండింగు. "ఇంకొంచెం వేసుకుంటే వెయ్యి వచ్చేస్తాయి మాస్టారూ" అన్నాడు. తెలుగు రచయిత జీవితాన్ని మలుపు తిప్పిన వాక్యాల్లో దీన్ని మించింది లేదు. పీఎఫ్ డబ్బులోంచి వెయ్యీ వచ్చేశాయి. ఆటోలో యారాడ కొండెక్కి దిగాయి. మంచం కింద కొన్ని, అటక మీద కొన్ని, పిన్నిగారి బియ్యం బస్తాకి చెమ్మ తగలకుండా అడుగున కొన్ని. సముద్రపుగాలికి అట్టలు ఉబ్బుతాయని వారానికోసారి కట్టలు విప్పి డాబా మీద ఆరబెడతారు. దూరాన్నించి చూసినవాళ్ళు అప్పడాలనుకుంటారు.

పుస్తకం రెండో పేజీలో 'ప్రతులకు' అని ఒక చోటుంటుంది. తెలుగు పుస్తకంలో విషాదమంతా అక్కడే ఉంటుందని నా అభిప్రాయం. పైన రచయిత ఇంటి చిరునామా, కింద 'మరియు అన్ని ప్రముఖ పుస్తక విక్రయ కేంద్రాలు'. ఆ 'అన్ని' అన్నది సాధారణంగా ఒకటి. మాస్టారి చిరునామా ప్రకారం ప్రతి కావలసినవారు సింధియా జంక్షన్‌కి వచ్చి, యారాడ బస్సెక్కి, డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి, అవతల దిగి, కొబ్బరితోటల్లోంచి నడిచి రావాలి. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. శత్రువులకి భయపడి కోట కట్టుకునే రాజులు వెతుక్కునే చోటు అది. పాఠకుడు ఆ దారిన వచ్చిన దాఖలా లేదు. కాబట్టి మాస్టారే కొండ దిగుతారు.

ముందుమాటలు నాలుగు. నలుగురూ పెద్దవాళ్ళే. కథల్లోకెల్లా పెద్ద కథలో మావగారి పాత్ర 'సజీవంగా' ఉందని ఇద్దరు రాశారు. ఆవిష్కరణ సభలో ముఖ్య అతిథి ఇంకో మెట్టు పైకెక్కి, ఆ పాత్రకి చావు లేదన్నారు. హాలంతా చప్పట్లు. ఈ మాట కొంచెం గుర్తుంచుకోవాలి.

సింధియాలో బస్సెక్కేదాకా మాస్టారు మామూలు మనిషి. బస్సు ఘాటెక్కడం మొదలెట్టగానే లేచి నిలబడతారు. మలుపుల్లో ఎవరూ దిగలేరు, కిటికీలోంచి దూకలేరు. పక్క సీట్లో బీచికి పోతున్న కుర్రాళ్ళని "బాబూ, తెలుగు చదవడం వచ్చా?" అని అడుగుతారు. రాదంటే అవమానం, వచ్చంటే పుస్తకం. పైన లైట్‌హౌస్ వైపు దారి చీలే సరికి సంతకాలయిపోతాయి. కండక్టరుకి ఇప్పటికే మూడు ప్రతులున్నాయి. ఆయన టికెట్టు కొట్టి, "మాస్టారూ, నాకు ముట్టిందండీ, ముట్టిందండీ" అంటూ వెనక్కి జరిగిపోతాడు.

ఎవరైనా నవ్వితే మాస్టారి దగ్గర చరిత్ర సిద్ధంగా ఉంటుంది. "1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపారు, తెలుసునా? పుస్తకం పడవెక్కగా లేనిది బస్సెక్కితే తప్పేం?" అంటారు. ఆపలేదంటే 1886లోనే విశాఖలో గ్రంథాలయం పుట్టిందని మొదలెట్టి, 1914లో బెజవాడలో జరిగిన మొదటి గ్రంథాలయ మహాసభ మీదుగా అయ్యంకి వెంకటరమణయ్య గారి దగ్గరికి వస్తారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. ఆ రోజుల్లో ఆ మనుషులు నిజంగానే పుస్తకాన్ని మోసుకుని జనం దగ్గరికి వెళ్ళారు. తేడా అల్లా వాళ్ళు మోసినవి వాళ్ళ పుస్తకాలు కావు. ఈ సంగతి మాస్టారికి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చేసి పెడితే, ప్రతి పాఠకుడికీ నా పుస్తకం అనే ఆరోదాన్ని మాస్టారు సొంతంగా చేర్చుకున్నారు.

పోస్టాఫీసుతో ఆయనది సంసారం లాంటి సంబంధం. అలకలు, కలయికలు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేసినప్పుడు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు కూర్చున్నారు. పత్రికకి సమీక్ష కోసం రెండేసి ప్రతులు పంపాలి, పంపినందుకు 'అందినవి' అన్న శీర్షిక కింద ఒక లైను వస్తుంది, ఆ లైనుకి స్పీడ్ పోస్టు ఖర్చా! 2025 మే ఒకటిన జ్ఞాన్ పోస్టు వచ్చింది. మూడొందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, పన్ను అదనం. ఆ రోజు మాస్టారు కాటా మీద తన పుస్తకం పెట్టించి, ముల్లు మూడొందల లోపే ఆగడం చూసి, "చూశారా, క్లుప్తత!" అన్నారు. కథలు క్లుప్తంగా ఉన్నాయని ఆయన్ని పొగిడింది ఇంతవరకూ ఆ కాటా ఒక్కటే.

మరో సంగతి. 1954 నాటి చట్టం ఒకటుంది. మన దేశంలో పుస్తకం వేసినవారు తమ ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకి, ముంబయిలో ఒకదానికి, ఢిల్లీలో ఒకదానికి తలా ఒక ప్రతి పంపాలి. పెద్ద పెద్ద ప్రచురణకర్తలే మరిచిపోయే ఈ చట్టాన్ని మాస్టారు అక్షరాలా పాటించారు. ఆ నాలుగు పోస్టు రసీదులూ లామినేషన్ చేయించి హాల్లో దేవుడి పటం పక్కన పెట్టుకున్నారు. ఇంటిపన్ను కట్టేటప్పుడు కౌంటర్లో కుర్రాడితో, "రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది బాబూ, అది పుస్తకాలకే కదా" అని ఒకసారి, చిల్లర తీసుకుంటూ ఇంకోసారి అంటారు. ఆ ఎనిమిది పైసల్లో ఒక్క పైసా అయినా తన మంచం కిందికి రావాలని ఆయన ఆశ. అది మాత్రం నవ్వులాట కాదు. లైబ్రరీలు కొనకపోతే తెలుగులో ఐదొందల ప్రతులు కొనే నాథుడు ఎక్కడున్నాడు?

శ్రీకాకుళం కథానిలయం ఊసెత్తితే మాత్రం మాస్టారు గొంతు తగ్గిస్తారు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని తెరిచారు. తెలుగులో వచ్చిన ప్రతి కథనీ ఒకచోట చేర్చాలన్న పట్టుదలతో పెట్టిన ఇల్లది. పుస్తకం కావాలని అడిగే చోటు లోకంలో అదొక్కటే అని ఈయన నమ్మకం. అక్కడికి పోస్టు చెయ్యలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని స్వయంగా వెళ్ళి ఇచ్చి వచ్చారు. సంతకం కూడా పెట్టలేదు. అదీ ఆయన భక్తి.

ఇక కార్తీకమాసం. యారాడ బీచికి వనభోజనాల గుంపులు వస్తాయి. రచయితల సంఘమొకటి వచ్చినప్పుడు మాస్టారే లోకల్ ఏర్పాట్లు చూశారు. పులిహోర అయ్యాక హౌసీ ఆట. ప్రైజులు తానే ఇస్తానన్నారు. ఏమిటవి అని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. అంకెలు పిలుస్తున్నారు, పిలుస్తున్నారు. టాప్ లైన్ లేదు, బాటమ్ లైన్ లేదు. తొంభై అంకెలూ అయిపోయినా ఒక్కరూ ఫుల్ హౌస్ అని అరవలేదు. గవర్నమెంటు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన కూడా టికెట్టు మడిచి జేబులో పెట్టుకుని సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి కాకినాడ నించి వచ్చిన కొత్త కోడలొకామె, సంగతి తెలియక, "నాకైపోయిందండీ" అని చెయ్యెత్తింది. ఆమె మంచి మనిషి. అన్ని ప్రైజులూ ఆమెకే ఇచ్చేశారు.

ఇచ్చి ఊరుకుంటే ఇంత కథ లేదు. మాస్టారు ఏ ఇంటికి వెళ్ళినా ముందు పుస్తకాల అలమరా దగ్గరికి వెళ్తారు. తన పుస్తకం లాగి, తెరవకుండానే అంచు కేసి చూస్తారు. చదివినంత మేర పేజీల అంచు కాస్త నలుగుతుంది, చెయ్యి తగిలిన నలుపు కనిపిస్తుంది. మిగతాది పెళ్ళికొడుకు చొక్కాలా తెల్లగా ఉంటుంది. "పదహారో పేజీలో ఆగారేం?" అని అడిగితే ఎదటివాడు గతుక్కుమంటాడు. ముందుమాటలు పద్దెనిమిదో పేజీ దాకా ఉంటాయి మరి. ఈ పరీక్ష సంగతి పొక్కాక కొందరు తెలివైనవాళ్ళు పుస్తకం రాగానే బొటనవేలితో అంచంతా ఒకసారి నలిపి పెట్టుకుంటున్నారు.

బీచిలో కొబ్బరిబొండాలు అమ్మే ఆయనకి మాస్టారు ఎప్పుడో ఒక ప్రతి ఇచ్చారు. బొండాం తాగాక చిల్లర లేదంటే, ఉంచుకోమని ఇచ్చిన ప్రతి. మొన్న మాస్టారు అటుగా వెళ్తుంటే ఆయన కేకేశాడు. "బాబూ, మా పాప మీ బుక్కు మొత్తం సదివేసిందండి. ఏదో అడగాలంతంది." ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల. కత్తిపీట పక్కన స్టూలు మీద పుస్తకం. అంచు మొదటినించి చివరిదాకా ఒకే నలుపు. బొండాం నీళ్ళ మరకలు కూడా. మాస్టారు ఆ అంచు చూసి అక్కడే కూలబడ్డంత పని చేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏ కథ గురించి, ఏ వాక్యం గురించి అడుగుతుందో అని, సభల్లో చెప్పడానికి దాచుకున్న జవాబులన్నీ గొంతులోకి తెచ్చుకున్నారు.

"మాస్టారండీ, చిన్న డౌటండీ. నలభై ఒకటో పేజీలో మావగారు సచ్చిపోనాడు కదండీ. మరి నలభై ఆరులో టీ తాగుతున్నాడేటండీ?"

మాస్టారు పుస్తకం తిరగేశారు. నలభై ఒకటి. పోయాడు. పాడె కూడా కట్టారు. నలభై ఆరు. తాగుతున్నాడు.

"అది... ప్రతీకాత్మకం అమ్మా. మనిషి పోయినా ఆయన నీడ ఇంట్లో..."

"పంచదార తక్కువయిందని కోడల్ని తిట్టాడు కూడానండీ."

నాలుగు ముందుమాటలు, ఒక ముఖ్య అతిథి, ఇద్దరు సమీక్షకులు, ఐదారు వందల ఆత్మీయులు. ఆ మావగారు అందరి ముందూ చచ్చి, అందరి ముందూ టీ తాగాడు. అడిగినది ఈ పిల్ల ఒక్కత్తే. మాస్టారు ఆ రాత్రి అన్నం తినలేదని పిన్నిగారు చెప్పారు. పుస్తకాన్ని పాఠకుడి దాకా చేర్చడానికి బతుకంతా తిరిగిన మనిషికి, తీరా పాఠకుడు ఎదురైతే ఏం చెయ్యాలో తోచలేదు. వారం రోజులు బీచి వైపు వెళ్ళకుండా వెనకదారిన బస్సెక్కారు.

వారం తర్వాత తేరుకున్నారు. తప్పొప్పుల పట్టిక ఒకటి అచ్చు వేయించారు. బస్సు టికెట్టుకి రెండింతలుంటుంది. 41వ పేజీలో 'కన్నుమూశాడు' అన్నచోట 'కన్ను మలిగింది' అనీ, 'పాడె' అన్నచోట 'మంచం' అనీ చదువుకోగలరు. చీటీ పంపితే పారేస్తారని ఆయనకి అనుభవం. అందుకని తానే జిగురు సీసా సంచీలో వేసుకుని ఇంటింటికీ వచ్చి, ఎవరి ప్రతిలో వారికి స్వయంగా అతికిస్తానని అందరికీ ఫోన్లు చేశారు. మొదటి ఆదివారం ఎంవీపీ కాలనీ, రెండోది గాజువాక, మూడోది సీతమ్మధార.

ఆ వారం విశాఖ సాహితీలోకంలో జరిగిన వెతుకులాట పోలీసులు చేసినా జరగదు. అటకలు దించారు. పాత పేపర్లవాణ్ణి వీధి చివరిదాకా వెంబడించారు. మా వీధిలో ఒకాయన ఫ్రిజ్ కింద కాలికి ఎత్తుగా పెట్టిన ప్రతిని జాకీ వేసి తీశాడు. దొరకనివాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు 'ప్రముఖ పుస్తక విక్రయ కేంద్రం' దారి పట్టారు. అమ్మాకే డబ్బు అన్న షరతు మీద మాస్టారు ఎన్నడో అక్కడ పది ప్రతులు ఉంచారు. దుమ్ము దులిపి బిల్లు కొడుతూ కౌంటరు కుర్రాడు, సినిమాగానీ తీస్తున్నారా అని అడిగాడట. పదీ శుక్రవారానికి అయిపోయాయి. శనివారం వచ్చినవాళ్ళు పేరు రాసిచ్చి వెళ్ళారు. షాపాయన ఫోన్ చేసి ఇంకో పాతిక పంపమన్నాడు.

సమీక్ష బాగా రావడం వల్లే ఈ ఊపు అని మాస్టారు నమ్మకం. రెండో సంపుటి ప్రెస్సుకి సిద్ధం చేశారు. ఈసారి ముందుమాటలకి ఎవర్నీ అడగలేదు. ప్రూఫులు తీసుకుని బీచికి వెళ్ళి, కత్తిపీట పక్కన స్టూలు మీద పెట్టి, ముందుగా నువ్వు చదివి చెప్పమ్మా, నీకు మొదటి ప్రతి సంతకం చేసి ఇస్తాను అన్నారు. ఆ పిల్ల పేజీలు లెక్కపెట్టుకుంది.

"సదువుతానండీ. బుక్కు వద్దండీ, రెండొందలు ఇచ్చీండి."