ట్యాపెట్ బాబాయి

ఛత్తీస్‌గఢ్‌లో ఇనపరాయి తవ్వే బచేలి ఊళ్లో, ఎన్‌ఎండీసీ గని క్వార్టర్ల వీధుల్లో ఆదివారం పొద్దున్నే ఏదో ఒక గుమ్మం ముందు గోనెపట్టా పరిచి ఉంటుంది. పక్కన స్టాండు వేసిన పాత బుల్లెట్ 350. దాని కుడివైపున మోకాళ్ల మీద వంగిన ఒక పెద్దమనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. ఊరు శ్రీకాకుళమో, విజయనగరమో, విశాఖ పక్క పల్లెటూరో. డ్యూటీ గనిలోనో, వర్కుషాపులోనో. వీధిలో కుర్రాళ్లందరికీ ఆయన బాబాయి. అసలు పేరు ఏదైనా ఈ జాతి మొత్తానికి ట్యాపెట్ బాబాయి అన్న పేరు చాలు. బండి ట్యాపెట్లు కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు తీసెయ్యాలి అని ఆయన అంటాడు. ఆ మాట నమ్మడానికి లేదన్నదే నా వాదన. చప్పుడు నిజంగా పోతే ఆయన బతుకులో ఆదివారం ఉండదు. వాల్వులు, గైడ్లు, రాకర్లు, పుష్‌రాడ్లు ఎన్నిసార్లు కొత్తవి వేసినా పని తెమలకపోవడానికి కారణం ఇంజనులో దొరకదు.

ముందు ఆ ఇంజనుకు న్యాయం చెయ్యాలి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా బళ్లు బిగించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అర్ధ శతాబ్దం పైగా పెద్దగా మారకుండా వచ్చింది: 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. క్యాములు కింద, వాల్వులు పైన. క్యాము ట్యాపెట్‌ను ఎత్తుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను నెడుతుంది, పుష్‌రాడ్ రాకర్‌ను లేపుతుంది, రాకర్ వాల్వును నొక్కుతుంది. ఇన్ని చేతులు మారే వ్యవహారంలో ఎక్కడో కాస్త ఖాళీ ఉండాల్సిందే, ఖాళీ ఉన్నచోట చప్పుడూ ఉండాల్సిందే. ఖాళీ ఎక్కువైతే టకటక. తక్కువైతే హాయిగా నిశ్శబ్దం, ముప్పు ఉన్నది కూడా అందులోనే. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు మీద కూర్చున్న కాసేపట్లోనే హెడ్డుకు అప్పగిస్తుంది. ట్యాపెట్ బిగువైతే వాల్వు పూర్తిగా కూర్చోలేదు, అంచు కాలిపోతుంది. అందుకే కొద్దిగా కొట్టుకునే బుల్లెట్‌ను నమ్మవచ్చు, నోరు మూసుకున్న బుల్లెట్‌నే అనుమానించాలి. ఈ సంగతి బాబాయికి వీధిలో అందరికన్నా బాగా తెలుసు. తెలియకుండా విప్పేవాణ్ణి పాపం అనుకుని వదిలేస్తాం. తెలిసీ ప్రతి వారం విప్పేవాడి సంగతి ఆలోచించాలి.

పని మాత్రం చూడముచ్చటగా చేస్తాడు. ఇంజను రాత్రంతా చల్లారి ఉండాలి గనక టీ కూడా తాగకుండా మొదలెడతాడు. ప్లగ్గు విప్పి, టాప్ గేరులో వేసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెస్తాడు. సిలిండరు కుడిపక్క చిన్న మూత, దానికి ఒకటే నట్టు. మూత తీస్తే పుష్‌రాడ్ల అడుగులు కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని దీపానికి వత్తి చేసినట్టు తిప్పుతాడు. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఎగ్జాస్ట్‌కు మాత్రం వెంట్రుకవాసి వదులు. ఇంతే శాస్త్రం. ఇందులో ఫీలర్ గేజ్‌కు పనే లేదు. అయినా బాబాయి దగ్గర ఒకటి ఉంటుంది, విశ్వకర్మ జయంతినాడు స్పానర్లతో పాటు దానికీ బొట్టు పెడతారు. అన్నిటికన్నా పల్చటి రేకు మీద ఏళ్ల తరబడి కుంకుమ పేరుకుపోయి, ఇప్పుడు దాని మందం ఎంతో విశ్వకర్మకే తెలియాలి. ఇక లాక్‌నట్టు బిగించేటప్పుడు కుదిరిన కొలత పిసరంత జరుగుతుంది. మళ్లీ విప్పాలి. ఆదివారాలు తెల్లారేది ఈ ‘మళ్లీ’తోనే.

ఆయన చెవి గురించి కూడా చెప్పాలి. మామూలు మనిషికి ఒకే టకటక వినిపించేచోట ఆయనకు ఒక కుటుంబమే వినిపిస్తుంది. ఇది ఇన్‌లెట్, అది రాకర్ బుష్షు, ఆ వెనక సన్నగా మూలిగేది టైమింగ్ పళ్లు. ఎదురింటి కుర్రాడు “ఏమీ వినబడలేదు బాబాయ్” అంటే, “ఏటి, వినబళ్లేదా? ఆగు, ఏడెక్కనీ” అంటాడు. వేడెక్కాకా వినబడకపోతే లోపం కుర్రాడి చెవిదే. పాత యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లంటే ఆయనకు జాలి. ట్యాపెట్లే లేని బండికి రోగం ఏమొస్తుంది, వైద్యం ఏం చేస్తాం? ఇంట్లో మాత్రం ఆ చప్పుడు వేరే రకంగా అక్కరకొస్తుంది. రెండు వీధుల అవతల టకటక వినగానే పిన్నిగారు పప్పు తాలింపు వేస్తుంది. కంచం ముందుకు ఆయన, గిన్నెలోంచి పప్పు ఒకేసారి వస్తాయి. చప్పుడు పూర్తిగా పోతే మొదట నష్టపోయేది ఆ ఏర్పాటే. అసలు సాక్ష్యం ఆ తర్వాతి తరం బుల్లెట్ దగ్గర దొరుకుతుంది. 2008 తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజనులో హైడ్రాలిక్ ట్యాపెట్లు పెట్టారు. ఆయిలు ఒత్తిడితో ఖాళీని అవే సర్దుకుంటాయి, స్పానరు తగలనక్కర్లేదు. చప్పుడంటే పడనివాడు దానికి హారతి పట్టాలి. బాబాయి చుట్టూ తిరిగి చూసి పెదవి విరుస్తాడు: “ఇందులో మనం సెయ్యడానికి ఏటుంది?”

దీనికి ఆయన తరఫు వకీళ్లు తెచ్చే జవాబుల్లో గట్టిది దుమ్ము. కొట్టిపారేసేది కాదు. బైలడీలా కొండది హెమటైట్, మేలిరకం ఇనపరాయి. కిరందుల్ వైపు డిపాజిట్ 14లో 1968 నుంచీ, బచేలి వైపు డిపాజిట్ 5లో 1977 నుంచీ తవ్వుతున్నారు. ఆ ఎర్రదుమ్ము ఆకుల మీదా, ఆరేసిన పంచెల మీదా, మనుషుల ముక్కుల్లోనూ ఉంటుంది. (నగలకు చివరి మెరుగు పెట్టే ఎర్రపొడి కూడా ఐరన్ ఆక్సైడే. ఆ లెక్కన బచేలి గాలి వాల్వులకు ఉచితంగా పాలిష్ పెడుతోందని సంతోషించవచ్చు.) దుమ్ము లోపలికి పోతే గైడ్లు అరుగుతాయి, ఆయిలు జారుతుంది, సైలెన్సరు నీలిపొగ వదులుతుంది. అంతా నిజమే. కానీ దుమ్మే దొంగ అయితే దాన్ని గుమ్మంలో ఆపే ఎయిర్ ఫిల్టరును ముందు చూసుకోవాలి కదా. బాబాయి బండిలో అన్నిటికన్నా ముసలి సామాను అదే. ఫిల్టరు మార్చడం రెండు నిమిషాల పని, సాయంత్రం టీకొట్టు దగ్గర చెప్పుకోడానికి అందులో కథ లేదు. హెడ్డు దించితే వారానికి సరిపడా కథ ఉంది.

రెండో జవాబు పెట్రోలు: 2000 సంవత్సరంలో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది, అప్పట్నుంచి పాత వాల్వు సీట్లకు రక్షణ పోయింది అంటారు. ఆ ఇబ్బంది గంటల తరబడి గట్టి వేగంతో పరుగెత్తే ఇంజన్లకు. క్వార్టరు నుంచి బజారుకూ, కిరందుల్‌కూ, ఎప్పుడైనా దంతేవాడలో దంతేశ్వరి అమ్మవారి గుడికీ తప్ప కదలని బండికి ఆ భయం దండగ. పొదుపు అన్న వాదన ఇంకా తేలిగ్గా పోతుంది. సామాను విశాఖ నుంచి రావాలి. జగదల్‌పూర్, కోరాపుట్, అరకు మీదుగా ఇనపరాయి సముద్రానికి దిగే ఆ పట్టాల మీదే, కిరందుల్ రైల్లో ఎవరి సంచిలోనో వాల్వులు, స్ప్రింగులు న్యూస్‌పేపరు చుట్టుకుని కొండెక్కుతాయి. “మన కొండే తిరిగొచ్చింది” అని బాబాయి మురిసిపోతాడు. తెప్పించేది రెండు సెట్లు. ఒకటి బిగించడానికి, రెండోది హార్లిక్స్ సీసాలో దాచడానికి. పొదుపు చేసేవాడి లెక్కలు ఇలా ఉండవు.

మరి ఎందుకు? గనిలో ఆయన కొలువు ఎలా నడుస్తుందో చూస్తే సగం తెలుస్తుంది. అక్కడి డంపరు సర్వీసు గంటల లెక్కన, కార్డు ప్రకారం జరుగుతుంది. ఇంజను ఒకరిది, హైడ్రాలిక్స్ ఇంకొకరివి, వైరింగు మరొకరిది, పైన సంతకం వేరొకరిది. అంత పెద్ద యంత్రంలో మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా నాదీ అని చెప్పుకునే మనిషి ఉండడు. ఉండకూడదు కూడా, భద్రత అందులోనే ఉంది. ఇంటికొస్తే క్వార్టరు కంపెనీది, నీళ్లు కంపెనీవి, కరెంటు కంపెనీది, జ్వరమొస్తే ఆసుపత్రీ కంపెనీదే. ముప్పయ్యేళ్ల పనితనమున్న చేతులకు, అడగకుండా విప్పే హక్కున్న ఇంజను ఈ బుల్లెట్ ఒక్కటే. రోగం కనిపెట్టేదీ ఆయనే, మందు వేసేదీ ఆయనే, డిశ్చార్జి కాగితం రాయాల్సిందీ ఆయనే. అందుకే రాయడు. ఇదంతా అతి తెలివి, అడవి మధ్య ఊళ్లో పొద్దుపోక చేస్తున్నాడంతే అనేవాళ్లుంటారు. పొద్దుపోనివాడు పేకాడతాడు, టీవీ చూస్తాడు, ఒక వారం చేసింది ఇంకో వారం మానేస్తాడు. ఏళ్ల తరబడి అవే రెండు పుష్‌రాడ్లు పట్టుకోవడానికి విసుగు చాలదు, అభిమానం కావాలి.

ఆ అభిమానమే బండిని కొరుక్కు తింటోంది. ఏడాదికోసారి హెడ్డు దించి, గ్రైండింగ్ పేస్టు పూసి, ముందు గరుకు తర్వాత నునుపు, సీటు చుట్టూ సన్నటి బూడిదరంగు గీత తేలేదాకా వాల్వును అరచేతుల మధ్య రుద్దుతాడు. పోర్టులో కిరసనాయిలు పోసి చుక్క కారడం లేదని పదిమందికీ చూపిస్తాడు. పని శుభ్రమైందే. కానీ రుద్దిన ప్రతిసారీ సీటు నుంచి, వాల్వు నుంచి కాస్త లోహం పోతుంది, వాల్వు ఆ కాస్తా లోపలికి దిగుతుంది. దిగినకొద్దీ దాని కాడ పైకి లేస్తుంది, రాకర్‌కు దగ్గరవుతుంది, ట్యాపెట్ ఖాళీ తగ్గుతుంది. అంటే మళ్లీ సర్దాలి. బాబాయి చేతి పనే బాబాయికి పని పుట్టిస్తుంది. దుమ్మునూ పెట్రోలునూ నిందించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఇంత చెప్పినా ఒక్క విషయంలో ఆయనకు పూర్తి మార్కులివ్వాలి. సెప్టెంబరు 17న విశ్వకర్మ జయంతికి కొండమీది ఆకాశ్‌నగర్‌కు జనాన్ని రానిస్తారు. ఆ ఘాట్‌రోడ్డు మీద, వెనక సీట్లో పిన్నిగారితో, ఆవిడ ఒళ్లో ప్రసాదం క్యారేజీతో, ఆ ముసలి ఇంజను సెకండు గేరులో ఎక్కడా ఆగకుండా ఎక్కుతుంది. కనక బదిలీ మీదో, రిటైరై క్వార్టరు ఖాళీ చేస్తూనో ఇలాంటి బాబాయి బుల్లెట్ అమ్ముతున్నాడంటే నిక్షేపంగా కొనండి. ధర తగ్గించమని అడిగి ఆయన మనసు కష్టపెట్టకండి. కొనే ముందు మాత్రం హెడ్డు దింపించి, ఎగ్జాస్ట్ వాల్వు సీటులోకి ఎంత దిగిపోయిందో చూసుకోండి. హార్లిక్స్ సీసా కూడా బండితో పాటే అడిగి తీసుకోండి.