అడాప్టర్ సెపరేటు సార్

‘టుడుం’ అంటే వచ్చిందని. ‘డుటుం’ అంటే పోయిందని. ఈ మధ్య మా ఇంట్లో ఈ రెండు చప్పుళ్లూ ఎంత దగ్గరదగ్గరగా వస్తున్నాయంటే, మా ఆవిడ వంటింట్లోంచే బులెటిన్ చదివేస్తోంది. “వచ్చిందండీ... పోయింది... మళ్లీ వచ్చింది.” హార్డ్ డిస్క్ ఉందో లేదో తెలుసుకోడానికి నేను తెర వంక చూడక్కర్లేదు.

కాపీ గీత ముప్పాతిక వంతు దాకా పచ్చగా పాకుతుంది. అక్కడ చతికిలబడుతుంది. రెండు నిమిషాల్లో అయిపోతుందన్నది కాస్తా ఏడు గంటలు పడుతుందంటుంది. వేగం సున్నా బైట్లు. డుటుం. ఆ వెంటనే ఒక పెట్టె తెరుచుకుని, ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడుగుతుంది. ఇంటిల్లిపాది ఫొటోలూ అందులోనే ఉన్నాయి. వాటిని తుడిచేసి పెడితే డిస్కు బాగా పనిచేస్తుందట. నిజమే, చేస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌కి ఉన్నవి రెండే పోర్టులు. పాతదానికి నాలుగుండేవి. బరువు తగ్గించారనుకుని మురిసిపోయి కొన్నాం, పోర్టులు కూడా బరువులో భాగమేనని తర్వాత తెలిసింది. అందుకని యూఎస్‌బీ హబ్ తెచ్చాను. ప్రింటరు, మౌసు తాలూకు చిన్న రిసీవరు, హార్డ్ డిస్కు, అన్నీ దాని మెడకే. దాని నెత్తిన నీలం లైటొకటి. ఆరదు. కంప్యూటర్ ఆపినా ఆరదు. రాత్రి హాలంతా ఐసీయూలా ఉంటోందని మా ఆవిడ దాని మీద బొట్టుబిళ్ల అంటించింది.

డిస్కు ఎందుకు పోయి వస్తోందో చెప్పమంటే ప్రపంచంలో ఎవరైనా ఒకటే మాట. “డ్రైవర్ అప్‌డేట్ చేశారా?” ఎదురింటాయన అన్నాడు, బ్యాంకులో పనిచేసే బావమరిది అన్నాడు, ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వచ్చిన కుర్రాడూ అన్నాడు. చేశాను. కంప్యూటర్ వెతికి వెతికి, ఉన్న డ్రైవరే అన్నిటికన్నా మేలైనదని తేల్చింది. మేలైనదే. మరి డుటుం ఏమిటి?

చివరికి డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు దొరికాడు. వాడికి రాత్రి, నాకు పొద్దున్న. “స్క్రీన్ షేర్ చెయ్యి మామయ్యా” అన్నాడు. డివైస్ మేనేజర్ తెరిపించాడు. అందులో హబ్బులు రెండు కనిపించాయి.

“ఒరేయ్, నేను కొన్నది ఒకటే రా.”

“ప్రతి త్రీ పాయింట్ జీరో హబ్బులోనూ రెండు హబ్బులుంటాయి మామయ్యా. 480 మెగాబిట్ల పాత దారికి ఒకటి, 5 గిగాబిట్ల కొత్త దారికి ఒకటి.”

ఒకదానికి డబ్బిచ్చి రెండు తెచ్చుకున్నానని ఓ క్షణం సంతోషించాను. తర్వాత వాడు, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్నచోట టిక్కు తీయించాడు. పవర్ సెట్టింగుల్లో సెలెక్టివ్ సస్పెండ్ ఆపించాడు. కేబుల్ మార్పించాడు. ఈ డిస్కు కేబుల్ చూశారు కదా, చివర రెండు మూపురాలతో చపటాగా ఉంటుంది, డిస్కుకి తప్ప ఇంట్లో ఇంకో వస్తువుకి పట్టదు. బజారుకెళ్లి రెండోది కొన్నాను. ఏం చేసినా డుటుం.

అప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరిపించాడు. అదొక దినచర్య. ఏ క్షణాన ఎవరికి ఏం జరిగిందో కంప్యూటర్ అందులో రాసుకుంటుంది. వరసగా పసుపు త్రికోణాలు. సంఖ్య 129. డివైస్‌కి రీసెట్ ఇచ్చాం అని ఒకే వాక్యం, పేజీలకి పేజీలు. రాసింది యూఏఎస్‌పీస్టోర్ అనే డ్రైవరు.

మేనల్లుడు విడమరిచి చెప్పాడు. పాత పద్ధతిలో డ్రైవరు డిస్కుని ఒక పని అడుగుతుంది, అది అయ్యాక ఇంకోటి. 2012లో విండోస్ 8తో వచ్చిన కొత్త పద్ధతిలో ఒకేసారి బోలెడు పనులు పురమాయిస్తుంది, నీకు వీలైన వరసలో చేసుకోమంటుంది. డిస్కు డబ్బాలో ఒక చిన్న చిప్ ఉండి డ్రైవరు భాషకీ డిస్కు భాషకీ మధ్య మాటలు మోస్తుంది. అది ఉలుకూపలుకూ లేకుండా ఉండిపోతే డ్రైవరు కాసేపు చూస్తుంది. చూసి చూసి, రీసెట్ కొడుతుంది. అదే 129.

“అయితే చిప్ ఎందుకు పలకట్లేదు?”

“అది డ్రైవర్‌కి తెలీదు మామయ్యా.”

ఇదీ నా అసలు బాధ. జవాబు రాలేదని రాస్తారు. ఎన్నోసారి రాలేదో రాస్తారు, సెకండ్లతో సహా రాస్తారు. ఎందుకు రాలేదో మాత్రం ఎక్కడా ఉండదు.

ఇక్కడ హబ్ కొన్న రోజు సంగతి చెప్పాలి. చెప్పకపోయినా వ్యాసానికి నష్టం లేదు గానీ, నా కడుపుబ్బరం తగ్గదు. సికింద్రాబాద్‌లో, నాలుగడుగుల కొట్టు. “బాబూ, త్రీ పాయింట్ జీరో హబ్ ఇవ్వు” అన్నాను.

“త్రీ పాయింట్ జీరో ఓల్డ్ సార్. త్రీ పాయింట్ వన్ తీస్కోండి.”

“తేడా ఏంటి?”

“నూట యాభై సార్.”

నేనడిగింది ధర కాదు. అయినా అతనిదే సరైన జవాబని ఇంటికొచ్చి చదివాక తెలిసింది. 3.0 అన్నది 2008 నవంబరులో వచ్చింది, వేగం 5 గిగాబిట్లు. 2013లో 10 గిగాబిట్లది వచ్చి దానికి 3.1 అని పేరు పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. కానీ అక్కడితో ఊరుకోకుండా, పాతదాన్ని కూడా పిలిచి నువ్వు ఇకమీదట 3.1 జెన్ 1, వీడు 3.1 జెన్ 2 అన్నారు. 2017లో 3.2 పుట్టింది. మళ్లీ అందరికీ నామకరణం. మొదటిది 3.2 జెన్ 1, రెండోది 3.2 జెన్ 2, కొత్తగా వచ్చిన 20 గిగాబిట్లది 3.2 జెన్ 2×2. ఎక్కాల పుస్తకంలోది కాదు, పేరే అది. తీగ కదల్లేదు, వేగం పెరగలేదు, 2008 నాటి సరుకు మాత్రం మూడు పేర్లతో మూడు అట్టపెట్టెల్లో, మూడు ధరలకి ఆ కొట్లో పక్కపక్కనే కూర్చుని ఉంది.

“ఫోర్ లేదా బాబూ?” అన్నాను వ్యంగ్యంగా.

“ఉంది సార్. అందులో పాయింట్ ఉండదు.”

అదీ నిజమే. 2019లో వచ్చినదాని పేరు యూఎస్‌బీ4. పాయింటూ లేదు, మధ్యలో ఖాళీ కూడా లేదు. హమ్మయ్య, పాయింట్ల పీడ వదిలిందనుకునేలోగా 2022లో దాని తమ్ముణ్ణి దింపారు. పేరు యూఎస్‌బీ4 వెర్షన్ 2.0. పాయింట్ పెరటి గుమ్మంలోంచి వచ్చేసింది. అదే ఏడాది ఇంకో సలహా కూడా ఇచ్చారు. ఈ అంకెలన్నీ జనానికి అర్థం కావడం లేదు కనక పెట్టెల మీద వేగమే వెయ్యండి, 5, 10, 20, 40 అని. పద్నాలుగేళ్ల తపస్సు ఫలించి, కొట్టు కుర్రాడు మొదటిరోజే చెప్పగలిగిన మాట దగ్గరికి వచ్చారు. ఈ తతంగానికంతా మూలమైన యూఎస్‌బీ 1996లో పుట్టింది దేనికయ్యా అంటే, రకరకాల ప్లగ్గుల గందరగోళం పోగొట్టడానికి.

వేగం వెయ్యడం మంచిదే. నా హబ్ పెట్టె మీదా 5 గిగాబిట్లని అరచెయ్యంత అక్షరాల్లో ఉంది. ఉండాల్సింది వేరే ఉంది, అది లేదు.

మేనల్లుడు లెక్క చెప్పాడు. 3.0 పోర్టు నిబంధన ప్రకారం ఇచ్చే కరెంటు 900 మిల్లీఆంపియర్లు. ల్యాప్‌టాప్‌కి నేరుగా పెడితే చాలావాటిల్లో ఇంకాస్త ఎక్కువే వస్తుంది. హబ్ పెడితే ఆ 900లోంచే హబ్బు తన ఖర్చు తీసుకుని, మిగిలింది నాలుగు పోర్టులకీ పంచాలి. నాలుగు వాటాల ఇంటికి ఒకే మంచినీళ్ల కుళాయి. నా డిస్కులో పళ్లెం తిరగడం మొదలెట్టే క్షణంలో దానికి దాదాపు ఒక ఆంపియరు కావాలి. పక్కవాటాలో మౌసు, అవతల ప్రింటరు. ధార సన్నబడుతుంది, చిప్ సొమ్మసిల్లుతుంది, డ్రైవరు 129 రాస్తుంది. డ్రైవర్ని ఎన్నిసార్లు అప్‌డేట్ చేస్తే మాత్రం కుళాయి లావెక్కుతుందా?

ఇలా హబ్బుకి హబ్బు తగిలించుకుంటూ పోతే ఒకే కంప్యూటర్‌కి 127 పరికరాల దాకా పెట్టుకోవచ్చని రూలు. ఆ 127 ఎవరింట్లో ఉన్నాయో వాళ్లని ఒకసారి చూడాలి.

ఇంతలో మౌసు వంతు. కాపీ నడుస్తున్నంతసేపూ తెర మీద బాణం చీమ కుట్టినట్టు ఎగిరేది. వైరస్సేమో అనుకుని స్కాన్ పెట్టాను. తీరా చూస్తే, 3.0 తీగలు పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద వైర్‌లెస్ మౌసులు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసి పెట్టిందట. రిసీవరూ డిస్కూ పక్కపక్క పోర్టుల్లో ఉంటే గొడవే. పత్రం రాశారు, బాగుంది. హబ్ పెట్టె మీద ఒక్క ముక్క రాస్తే పోయేది కదా!

ఓదార్పు ఏమిటంటే, 1998 ఏప్రిల్‌లో షికాగోలో, వేదిక మీద బిల్ గేట్స్ నిలబడి ఉండగా, ఆయన సహాయకుడు విండోస్ 98కి యూఎస్‌బీ స్కానరు తగిలించాడు. నీలం తెర పడింది. హాలంతా నవ్వింది. నా విషయంలో నవ్వింది మా ఆవిడ ఒక్కర్తే.

అసలు మందు హబ్బు పక్కనే ఉంది. చిన్న గుండ్రటి బెజ్జం, పైన 5 వోల్టులని రాత. బయటి నుంచి కరెంటు ఇచ్చుకోడానికి. ఇవ్వాల్సిన అడాప్టర్ పెట్టెలో లేదు. కొట్టుకెళ్లి అడిగాను.

“అడాప్టర్ సెపరేటు సార్.”

“మరి కొన్నప్పుడు చెప్పలేదేం?”

“ఎవరూ అడగరు సార్.”

అటక మీద అట్టపెట్టె దింపాను. పోయిన వస్తువులు వదిలివెళ్లిన అడాప్టర్లన్నీ అందులో ఉన్నాయి. రూటరుది 12 వోల్టులు. కార్డ్‌లెస్ ఫోనుది 7.5. ఇంకోటి 9, అది దేనిదో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అన్నిటి పిన్నూ ఆ బెజ్జంలో చక్కగా దూరుతుంది. దూరిన మరుక్షణం హబ్బూ, దాంతోపాటు డిస్కూ కాశీకి పోవచ్చు. నల్ల ప్లాస్టిక్ మీద నల్ల అక్షరాలు ఫోన్ లైటు వేసుకుని చదివితే తెలిసిన సంగతి ఇది. చివరికి 5 వోల్టులు, 2 ఆంపియర్లది కొన్నాను. హబ్బు కన్నా ఇరవై రూపాయలు ఎక్కువ.

ఆ రాత్రి డుటుం లేదు. కాపీ గీత ఆగకుండా పోతోంది, కింద ఫైళ్ల పేర్లు పరుగెడుతున్నాయి. ‘ఫోన్ బ్యాకప్’, ‘ఫోన్ బ్యాకప్ కొత్తది’, ‘ఫోన్ బ్యాకప్ కొత్తది ఇదే’. మధ్యలో మా పెళ్లి వీడియో. మొదట అది క్యాసెట్. బూజు పడుతుందని సీడీల్లోకి ఎక్కించాం. గీతలు పడుతున్నాయని డిస్కులోకి. ఎక్కించిన ప్రతిసారీ సరిగ్గా వచ్చిందో లేదోనని మొదటి రెండు నిమిషాలు చూసేవాళ్లం. సన్నాయి, పందిరి, గుమ్మం దగ్గర వచ్చేవాళ్లకి చేతులు జోడిస్తూ మా నాన్న. వచ్చింది కదా అని అక్కడ ఆపేసేవాళ్లం. ఆయన పోయి చాలాకాలమైంది. జోడించిన ఆ చేతులు దించి ఆయన ఎటు వెళ్లారో, ఎవరితో ఏం మాట్లాడారో మేము ఇప్పటిదాకా చూడలేదు.

“ఆదివారం టీవీలో పెట్టుకుని మొత్తం చూద్దామండీ” అంది మా ఆవిడ.

పెట్టాను. డిస్కుకి కరెంటు చాలడం లేదంది టీవీ. హబ్బూ, అడాప్టరూ మోసుకొచ్చి టీవీ వెనక తగిలించాను. డిస్కు కనిపించింది, ఫైలు కనిపించింది. ఈ రకం ఫైలు తనకి తెలియదంది టీవీ.

డల్లాస్‌కి ఫోన్ చేశాను.

“టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశావా మామయ్యా?” అన్నాడు.